నలభై ఒకటో బొడ్డుతాడు

మా ల్యాబులో ఒక నియమం ఉంది. బొడ్డుతాడు ఎవరిదో అడగకూడదు. ఆస్పత్రిలో నర్సు తల్లితో మాట్లాడి కాగితం మీద సంతకం తీసుకుంటుంది. పేరు తన దగ్గరే ఉంచుకుని, డబ్బా మీద ఒక నంబరు అంటించి మాకు పంపుతుంది. ఆ నంబరు వెనక ఒక ఇల్లు ఉంటుందని మాకు తెలుసు. అయినా అటు తొంగి చూడం. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో నేను ఈ నియమాన్ని ఒక్కసారి తప్పాను. మరోసారి దాన్ని అడ్డం పెట్టుకుని దాక్కున్నాను. రెండోదే పెద్ద తప్పు.

నా పేరు బాలాత్రిపురసుందరి. యాభై మూడేళ్లొచ్చాక పేరులోని బాల సంగతి మాట్లాడుకోవడం అనవసరం. బ్యాడ్జీ మీద అంత పేరు పట్టదని మావాళ్లు బి.టి. సుందరి అని కొట్టించారు. అప్పట్నుంచి బీటీ మేడమ్‌ని. మాది తణుకు దగ్గర. మాదాపూర్‌లో ఒక గాజు భవనం ఏడో అంతస్తులో పనిచేస్తాను. మా కిందా పైనా అన్నీ సాఫ్ట్‌వేర్ ఆఫీసులే. ఒకసారి లిఫ్టులో ఒకతను నా చేతిలోని ఐసుపెట్టె చూసి, కేకు అనుకుని, ఎవరి బర్త్‌డే అండీ అనడిగాడు. నిజంగానే ఆ రోజు పుట్టిన వాళ్లదే కాబట్టి, ఇంకా పేరు పెట్టలేదండీ అన్నాను. అతను పాపం మూడో అంతస్తులోనే దిగిపోయాడు.

మేం చేసే పని చెప్పాలి. రక్తనాళం లోపలి గోడకు ఒక పొర ఉంటుంది. ఒక్క కణం మందం, అంతే. రక్తం మనిషి బతికినన్నాళ్లూ గడ్డకట్టకుండా పారుతోందంటే అది ఆ పొర చలవే. మేం తపాలా బిళ్లంత ప్లాస్టిక్ చిప్‌లో వెంట్రుకంత సన్నటి కాలువ తీసి, దాని గోడల నిండా ఆ కణాలను పెంచుతాం. తర్వాత అందులోంచి రక్తాన్ని పంపి, ఎక్కడ జారిపోతుందో ఎక్కడ అతుక్కుంటుందో మైక్రోస్కోపులో చూస్తాం. ఆ కణాలు బొడ్డుతాడులోని సిరలో పుష్కలంగా దొరుకుతాయి. పైగా బొడ్డుతాడు ఆస్పత్రిలో ఎలాగూ పారేసేదే. పారేసేదే అని నేను ఎన్ని వందల సార్లు అన్నానో లెక్కలేదు.

రుక్కమ్మ మా అంతస్తు ఊడ్చి తుడిచే మనిషి. తొమ్మిదేళ్లుగా బోరబండ నుంచి లోకల్ రైల్లో వస్తుంది. తడి ఆరకముందే నేల తొక్కితే నన్నని కూడా చూడదు, తిట్టేస్తుంది. నాకు మాట పడటం చేతకాదు కాబట్టి నేనూ తిడతాను. మా స్నేహం అలాంటిది. మొన్న వేసవిలో ఆమె కూతురు వసంతకు నెలలు నిండాయి. కాన్పు మాకు బొడ్డుతాళ్లు పంపే ఆస్పత్రిలోనే అని తెలిసి, నేను మామూలుగా అడిగేశాను. నర్సు అడిగినప్పుడు బొడ్డుతాడు ఇమ్మని మీ అమ్మాయికి చెప్పు రుక్కమ్మా అన్నాను. అలా మేం అడగకూడదు. మనం రోజూ చూసే మనిషిని అడిగితే ఆమె కాదనలేదని ఆ నియమం పెట్టారు. నాకది తెలుసు.

"తీస్కోండ్రి మేడం," అంది రుక్కమ్మ. "మా దిక్కయితే బొడ్డుపేగు, మావి అన్నీ ఇంటెనక పాతిపెడ్తరు. మేముండేది కిరాయి ఇల్లు. ఓనరు గేటు కాడి దాంక సిమెంటు పోపిచ్చిండు. పాతెటందుకు మన్ను ఏడిది?"

మగపిల్లాడు పుట్టాడు. డబ్బా మా దగ్గరకు వచ్చింది. ఆ పూట ఆ ఆస్పత్రి నుంచి వచ్చింది అదొక్కటే, కనుక ఎవరిదో తెలియకపోవడానికి వీల్లేదు. నంబరు నలభై ఒకటి. నేనే కూర్చుని సిర కడిగి కణాలు తీశాను. రెండో రోజుకల్లా ఫ్లాస్కు అడుగున ముద్దుగా పరుచుకున్నాయి, గచ్చు మీద పలకలు పేర్చినట్టు. అంత చురుకైన కణాలు ఈ ఏడాది చూడలేదని మా రీసెర్చ్ స్కాలర్ ప్రియదర్శినితో అన్నాను.

నాలుగో రోజు బాబు చనిపోయాడు.

ఆ కబురు నాకు హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ చెప్పాడు. నేను ఫోన్ చేయలేదు. పురిటింట్లో చావు, ఏం పలకరిస్తాం, ఎలా పోయాడని అడిగితే పుండు మీద కారం చల్లినట్టు అవుతుంది కదా అనుకున్నాను. మా వైపు అలాంటి ఇంటికి వెంటనే వెళ్లి వివరాలు అడగరు. పైగా ల్యాబు నియమం కూడా అడగొద్దనే అంటోంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అడిగి తీసుకున్నప్పుడు గుర్తురాని నియమం అప్పుడు గుర్తొచ్చింది. అసలు సంగతి ఏమిటంటే, నాకు రుక్కమ్మ మొహం చూడాలంటే భయమేసింది.

ఎనిమిదో రోజున నలభై ఒకటి కణాలను చిప్‌లో పెట్టి ఆరోగ్యవంతుడైన దాత రక్తం పంపాం. అలాంటి పరీక్షలో రక్తం నిమ్మళంగా జారిపోవాలి. జారిపోలేదు. ఆరు నిమిషాల్లో గోడల వెంట మచ్చలు మచ్చలుగా అతుక్కుని, పదకొండో నిమిషానికి కాలువ మూసుకుపోయింది. నేను ప్రియదర్శిని మీద విరుచుకుపడ్డాను. కణాలు పట్టుకునేందుకు కాలువకు వేసే పూత సరిగ్గా వేయలేదన్నాను. ఆ పిల్ల నల్గొండ పిల్ల, ఒక పట్టాన ఎదురు చెప్పదు. మళ్లీ పూత వేసి మళ్లీ చేసింది. మళ్లీ మూసుకుపోయింది. దాతను మార్చాం. పంపు మార్చాం. పక్కనే నలభైయో నంబరు కణాల్లో అదే రక్తం నీళ్లలా పారుతోంది.

"కణాల్లోనే ఏదో ఉంది మేడమ్," అంది ప్రియదర్శిని మూడోసారికి.

"నేను తీసిన కణాలు. వాటికేమీ లేదు. నీ చెయ్యి చూసుకో," అన్నాను.

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. రెండు వారాలకు పైగా ఇలా ఆ అమ్మాయిని సాధించాను.

ఇరవై ఆరో రోజు పొద్దున రుక్కమ్మ పనిలోకి వచ్చింది. చీపురు పట్టుకోలేదు. నేరుగా మా గది తలుపు దగ్గరకొచ్చి నిలబడింది. మనిషి సగమైపోయింది.

"మేడం, గా బొడ్డుపేగు నాకు వాపస్ ఇయ్యిండ్రి," అంది.

"తాడు లేదు రుక్కమ్మా. లోపలి పొర తీసుకున్నాక మిగతాది ఆ రోజే పంపేశాం," అన్నాను. కాల్చడానికి పంపాం అనాల్సింది, అనలేకపోయాను. "కణాలు మాత్రం ఉన్నాయి. పెరుగుతున్నాయి."

"పెరుగుతున్నయా? అంటే పానం ఉన్నదా?"

"ఉంది."

ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూలబడిపోయింది. "పోరడు మన్నుల ఉన్నడు. గీడ పానంతోని ఉన్నడా?" అంది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుంది. "గందుకేనన్నట్టు నా బిడ్డ మంచం దిగుతలేదు. మా వదిన సరోజమ్మ మొదటి సంది అంటనే ఉన్నది. ఆమెనే దానికి అత్త, మేనరికం చేసినం. బొడ్డుపేగు పరాయోళ్ల చేతుల పెట్టిన్రు, గందుకే పిలగాడు పోయిండు, అది మన్నుల కలిసేదాంక తల్లి కూడ కోలుకోదు అంటది. వసంత గదే నమ్మింది. నేను సంతకం పెట్టి నా కొడుకును సంపుకున్న అంటది. అన్నం ముడుతలేదు. ఇప్పుడు కాలు కూడ పడిపోయె."

"కాలేమిటి?"

"ఎడమకాలు. మూడు దినాల సంది ఉబ్బింది. బరువున్నదంటది. ముట్టుకుంటే ఎచ్చగుంటది. బాలింత వాపు గదా అని పసుపు పట్టేస్తున్నం."

ప్రియదర్శిని మైక్రోస్కోపు దగ్గర్నుంచి లేచింది. నేను అడగాల్సింది అప్పటికి ఇరవై రెండు రోజులు ఆలస్యమైంది. అయినా అడిగాను. "రుక్కమ్మా, బాబుకి ఏమైంది? మొదట్నుంచీ చెప్పు."

"రెండో దినం మడిమెలు నీలం వడ్డయ్. మూడో దినానికి కాలి వేళ్లు నల్లగైనయ్. మూత్రం బందయింది. నరాలల్ల రక్తం గడ్డకట్టిందన్నరు డాక్టర్లు. ఎందుకంటే తెల్వదన్నరు. ఇన్ఫెక్షన్ కావచ్చన్నరు. నాలుగో దినం పోయిండు."

నేను ప్రియదర్శిని వంక చూశాను. ఆమె అప్పటికే నా వంకే చూస్తోంది. ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. పూత తప్పు కాదు, పంపు తప్పు కాదు. ఆ బాబు ఒంట్లో ఏం జరిగిందో అదే మా చిప్‌లో పద్దెనిమిది రోజులుగా మళ్లీ మళ్లీ జరుగుతోంది. వాడి రక్తనాళాల పొరలో, రక్తాన్ని గడ్డకట్టకుండా ఆపేదేదో పుట్టుకతోనే లేదు. అది తల్లిదండ్రుల నుంచి రావాల్సిన గుణం. మేనమామ కొడుకును చేసుకున్న ఆ తల్లి బాలింత. ఎడమకాలు వాచి, వేడిగా, మంచం మీద ఉంది. అది బాలింత వాపు కాకపోవచ్చు. కాలి సిరలో గడ్డ అయితే, అది కదిలి ఊపిరితిత్తులకు చేరితే, రుక్కమ్మకు కూతురు కూడా మిగలదు.

"లే రుక్కమ్మా. ఇప్పుడే వెళ్దాం. ముందు ఇంటికి ఫోన్ చేసి కాలు ఎవరూ పిసకొద్దని చెప్పు. ఆ అమ్మాయిని నడిపించొద్దను," అన్నాను.

"బొడ్డుపేగు?"

"దాని సంగతి తర్వాత. ఒట్టు. ముందు కాలు."

ఆటోలో కూర్చున్నాక నేను చెప్పాల్సింది చెప్పాను. వేడుకున్నట్టు చెప్పాను. బొడ్డుతాడు కోసేది బిడ్డ బయటికి వచ్చాకే, దాన్ని ఎవరికిచ్చినా, ఎక్కడ పాతినా ఆ బిడ్డకు ఒరిగేదీ పోయేదీ ఏమీ ఉండదన్నాను. రోగం అందులోనే ఉంది కానీ ఇవ్వడం వల్ల రాలేదన్నాను. ఆమె విన్నదో లేదో తెలియదు. బోరబండ స్టేషన్ దాటాక ఒకే ఒక్క మాట అంది.

"గిది మీకు ఎప్పటి సంది ఎరుక మేడం?"

"గడ్డకడుతోందని పద్దెనిమిది రోజుల నుంచి తెలుసు. ఎందుకో ఇవాళే తెలిసింది. బాబు ఎలా పోయాడని నిన్ను అడిగి ఉంటే అప్పుడే తెలిసేది. అడగలేదు."

ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. నేను బతిమాలలేదు. ఆ కోపం నాకు రావాల్సిందే.

వాళ్ల ఇల్లు రెండో అంతస్తులో ఒక గది, ఒక వంటగది. వసంత గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఇరవై మూడేళ్లుంటాయేమో. దుప్పటి తీసి చూస్తే ఎడమకాలు కుడికాలి కంటే రెండింతలుంది, చర్మం నిగనిగలాడుతోంది. భర్త మధుకర్, పక్కింటి మనిషి కలిసి ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపారు. సరోజమ్మ గుమ్మంలో నిలబడి, గాలి సోకింది, దవాఖాన ఎందుకు, పరేషాన్ జేస్తున్నరు అని గొణిగింది. నా నోరు మంచిది కాదని ముందే చెప్పాను. ఆవిడతో నేనన్న మాటలు ఇక్కడ రాయను.

స్కాన్ తీసిన డాక్టరు పిక్క నుంచి తొడ పైదాకా గడ్డ ఉందని చెప్పాడు. ఆ పూటే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ప్రియదర్శిని మా చిప్ ఫలితాలన్నీ రెండు పేజీల్లో రాసి తీసుకొచ్చింది. ఇది రోగనిర్ధారణ కాదనీ, ఫలానా ప్రోటీన్ మాత్రం తప్పక పరీక్షించమనీ అందులో రాసింది. ఆ కాగితం ఇచ్చాక నేను ఆస్పత్రి వరండాలోనే ఆ అమ్మాయి చేతులు పట్టుకుని క్షమించమన్నాను. పర్లేదు మేడమ్ అంది. పర్లేదంటే నాకు ఇంకా ఏడుపొచ్చింది.

వసంత బతికింది. మూడు వారాల తర్వాత పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఆ ప్రోటీన్ విషయంలో వసంతకూ మధుకర్‌కూ చెరి ఒక లోపం ఉంది. బాబుకు రెండూ కలిసి వచ్చాయి. ఆమె సంతకం వల్ల కాదని డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి సరోజమ్మకే చెప్పాడు.

జులైలో వసంత మా ల్యాబుకు వచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుని, కాలికి బిగుతైన మేజోడు తొడుక్కుని, కుంటుతూ వచ్చింది. నేను ఒట్టు వేశాను కదా. మా డైరెక్టర్ ఉదయ్ భాస్కర్ కూడా కాదనలేదు. తల్లి ఎప్పుడు వద్దంటే అప్పుడు ఆపేయాలని కాగితంలోనే ఉంది. కానీ ఇవ్వడం ఇష్టం లేదని ఆయన మొహంలో తెలుస్తూనే ఉంది. అలాంటి కణాలు మాకెప్పుడూ దొరకలేదు, మళ్లీ దొరకవు.

ఆమెను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. చాలాసేపు చూసింది.

"గివేనా?"

"ఇవే."

"ఏమని రాసిన్రు?"

"నలభై ఒకటి."

"పేరు పెట్టనే లేదు," అంది. "ఇరవై ఒకటో దినం పెడ్దామనుకున్నం." కళ్లు అద్దానికే ఆనించి అడిగింది. "వీటికి నొప్పి తెలుస్తదా?"

"తెలియదమ్మా."

"నేను అడిగితే మన్నుల పెట్టెటందుకు ఇస్తరా?"

ఇస్తాం అన్నాను. కానీ ఒక సంగతి దాచకుండా చెప్పాలి కదా. ప్రాణమున్న కణాలను ఏ ల్యాబూ బయటికి ఇవ్వదు. ముందు బ్లీచింగ్ మందు పోసి చంపాలి. ఆ మాట ఎన్ని రకాలుగా మెత్తగా చెప్పాలని చూసినా చివరికి అదే మాట వచ్చింది.

వసంత మైక్రోస్కోపు నుంచి తల ఎత్తింది. "అంటే ఇంకొకసారి సావాలెనా?"

రుక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నేల చూపులు చూశాను. ఏడుపు ఆపుకోవడానికి పనిలో పడటమే నాకు తెలిసిన దారి, కనుక మిగతావి కూడా గడగడా చెప్పేశాను. ఈ ఫ్లాస్కు కాక ఆరు చిన్న సీసాలున్నాయి, నైట్రోజన్ చలిలో గడ్డకట్టించి ఉంచాం, అందులో ఇరవై ఏళ్లయినా ఉన్నది ఉన్నట్టు ఉంటాయి. చంపకూడదనుకుంటే అలా ఉంచవచ్చు.

"ఇరవై ఏండ్లు గా సలిలనేనా? గింతనే ఉండి?"

"ఇంతే ఉంటాయి."

"బయట ఉంచితే?"

"పెరుగుతాయి. నిండినప్పుడల్లా కొత్త ఫ్లాస్కులోకి మారుస్తాం. పదిసార్లో పన్నెండుసార్లో మార్చాక ముసలివైపోతాయి. వాటంతట అవే పెరగడం ఆపేస్తాయి. తర్వాత ఒక్కొక్కటే ఊడి పోతాయి. దానికి మందు అక్కర్లేదు."

వసంత తల్లి వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. మళ్లీ మైక్రోస్కోపు మీదికి వంగింది.

"గట్లయితే సలిలకెల్లి తీయుండ్రి మేడం. అన్నీ తీయుండ్రి. అంతదాంక మీ పని మీరు చేస్కోండ్రి, నేను వద్దన. ముసలోడై పోనియ్యిండ్రి."

నేను ఇరవై ఆరేళ్లలో ఎన్నో కణాలు పెంచాను. ఒక లెక్క కోసం, ఒక పేపర్ కోసం పెంచి, పని అయిపోగానే బ్లీచింగ్ పోశాను. ముసలితనం దాకా దేన్నీ పెంచలేదు. రెండు రోజులకొకసారి వాటికి ఆహారం మార్చాను, ఆదివారాలు కూడా వచ్చాను. చిప్ పనంతా ప్రియదర్శిని చేసింది. ఆ లోపాన్ని చూపించే కొలతలన్నీ ఆమె చేతి మీదుగానే వచ్చాయి. సీసాలు ఒక్కొక్కటీ కరిగించాం. చవితి విగ్రహాలు వెళ్లిపోయిన వారంలో, పదకొండో మార్పిడి తర్వాత, కణాలు వెడల్పుగా, బద్ధకంగా పరుచుకుని పెరగడం మానేశాయి. అక్టోబరుకల్లా చాలామటుకు ఊడి తేలాయి. చివరి ఫ్లాస్కులోవి కూడా తేలాక రుక్కమ్మతో చెప్పాను. ఆ రోజు ఆమె తుడుస్తున్న తడి నేల మీదే ఇద్దరం నిలబడ్డాం, తిట్టుకోలేదు.

మర్నాడు వసంత వచ్చింది. కుంటు తగ్గింది. కాలి మందు ఇంకా వాడుతోంది. బాబును పెట్టిన చోటే దీన్నీ పెడతామని, మధుకర్ అక్కడికి ముందే వెళ్లాడని చెప్పింది.

"ముసలోడయిండా?" అని అడిగింది.

"అయ్యాడు," అన్నాను.

నియమం నియమమే కనుక, మిగిలిన నీళ్లలో బ్లీచింగ్ మందు కలిపి మూత బిగించి, ఫ్లాస్కు మీది నంబరు చీటీ గీకేసి ఆమె చేతిలో పెట్టాను. రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఆమె అలాగే నిలబడిపోయింది.

"ఎచ్చగున్నడు మేడం," అంది.

అది ఇంక్యుబేటరు వేడి. నేను ఆ మాట చెప్పలేదు.